రెండు పాయింట్ ఎనిమిది

ఆర్విడ్ లాంపినెన్ దగ్గర మూడు లక్షల పన్నెండు వేల మైళ్లుండేవి.
డలూత్ దాటి ఆయన వెళ్లింది మాత్రం
బాయిలర్ బాగుచేయడానికి,
మహా అయితే ముప్పై మైళ్లు.

మా హీటింగ్ ఆయిల్ కంపెనీలో ఆయన మెకానిక్,
నేను ఫోన్లెత్తే మనిషిని.
సుపీరియర్ సరస్సు గడ్డకట్టే జనవరిలో
ఊరంతా ఒకేసారి వణికి ఒకేసారి ఫోన్ చేస్తుంది.
రెండు ఫోన్ల మధ్య
థర్మోస్ మూతలో కాఫీ ఒంపుకుంటూ చెప్పేవాడు:
"వెర్నీ, మైలుకి రెండు సెంట్లు రాకపోతే ముట్టుకోకు.
మైళ్లిచ్చి టోస్టర్ తెచ్చుకునేవాడు మూర్ఖుడు.
నెలాఖరుకి బిల్లు పూర్తిగా కట్టనివాడు
వాడికి అన్నయ్య.
అప్పు చేసి పప్పు కూడు తింటే
మైళ్లు మనవి, విమానం బ్యాంకుది."

పళ్లు కట్టించుకున్నది ఆ కార్డు మీదే.
ట్రక్కుకి టైర్లు, కుక్కకి ఆపరేషన్.
చర్చి వంటగదికి ఫ్రిజ్ కొన్నప్పుడు
అందరి దగ్గరా చెక్కులు పోగేసుకొని
కార్డు గీకింది తనే.
పాస్టరమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఒక్కటే కల: హెల్సింకి.
కాళ్లు చాపి పడుకునే సీటు, పక్కన సిగ్నే.
ఇద్దరికీ రానూపోనూ మూడు లక్షల ఇరవై వేలు.
ఇంకో ఎనిమిది వేలు చేరితే చాలనగా
ఒక ఫిబ్రవరిలో రాత్రికి రాత్రే
అది నాలుగు లక్షల తొంభై అయింది.
ఉత్తరం లేదు, గంట మోగలేదు.
"గీత జరిపేశారు,
నువ్వు పరుగెడుతూనే ఉండు" అంది సిగ్నే, అల్లిక ఆపకుండా.

మార్చిలో మా తమ్ముడికి,
అలాస్కాలో, కోడియాక్ దగ్గర చేపల పడవ మీద,
వించ్ తాడు చుట్టుకుంది.
"వస్తే మంచిది" అన్నారు ఆసుపత్రివాళ్లు.
ఆ మాటకి అర్థం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.
టికెట్ పదకొండు వందల ఎనభై, పోవడానికే.
నా ఖాతాలో రెండు వందల పన్నెండు.
నేనెవర్నీ అడగలేదు.
లేక్‌సైడ్ నుంచి ఎవరో చలికి అరుస్తుంటే
వాళ్ల ఇంటి నంబరు మూడుసార్లు తప్పు రాశాను.
అది చూశాడాయన.
నా కుర్చీ లాక్కుని కూర్చుని
చేతి తొడుగు పళ్లతో లాగి,
"పుట్టిన తేదీ?" అన్నాడు. కాసేపాగి,
"బోద్రీకి చివర వై నా, ఐ నా?"
అంతే మాట్లాడింది.
నలభై రెండు వేలు పోయాయి.

మినియాపోలిస్, ఆంకరేజ్, అక్కడ్నించి బుల్లి విమానం.
అన్నిట్లోనూ నాకు బాత్రూమ్ పక్క సీటే.
తమ్ముడు కళ్లు తెరిచి
"ఇంత డబ్బెక్కడిది నీకు?" అని కోప్పడ్డాడు.
మా ఇంట్లో ప్రేమకి వచ్చిన భాష అదొక్కటే.
బతికాడు. ఎడమ చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోయింది.

తిరిగొచ్చి పొగబెట్టిన సామన్ చేప డబ్బా ఇస్తే
ఆర్విడ్ తీసుకుని కదలడే.
చెవులు ఎర్రబడ్డాయి.
"నీకొకటి చెప్పాలి.
ఆ రాత్రి ఇంటికెళ్లి లెక్కేశాను. ఆపుకోలేకపోయాను.
పన్ను ఐదు డాలర్ల అరవై సెంట్లు తీసేస్తే
మైలుకి రెండు పాయింట్ ఎనిమిది.
పదకొండేళ్లలో అంత ఎప్పుడూ రాలేదు."
దొంగతనం ఒప్పుకుంటున్నట్టు చెప్పాడు.
నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

ఇప్పుడు నా పర్సులోనూ ఒక కార్డుంది.
ఏడాదికి తొంభై ఐదు డాలర్ల కప్పం.
ఉల్లిపాయలకి గీకితే మూడు మైళ్లు,
చలికోటుకి గీకితే ఎనభై.
పదివేల ఆరువందలయ్యాయి.
హెల్సింకికి వాళ్లకింకా రెండు లక్షల ఇరవై వేలు తక్కువని
గోడ క్యాలెండర్ వెనక రాసిపెట్టాను.
ఈ ఉల్లిపాయలతో ఎప్పటికి చేరుతుందో లెక్కేయలేదు,
వేస్తే భయమేస్తుంది.
ఆయనకి చెప్పను.
చెబితే రెండు సెంట్లు వచ్చేదాకా ఆగమంటాడు.