మూడో నంబరు చిప్పరు

రాయగడ మిల్లులో రాత్రి డ్యూటీ.
ఫోన్లో కంపెనీ గోడ మీద
ముంబై పెద్దసారు శీర్షాసనం,
నాలుగు వేల చప్పట్లు.
ఆ కిందే నేను:
"మూడో నంబరు చిప్పరుకి మూత నేదు."
తెలుగులోనే. నాకు కోపం ఇంగ్లీషులో రాదు.

పాణిగ్రాహి బాబు వచ్చాడు,
ఏటి రాసినావు, చదివి చెప్పమన్నాడు.
చదివాను.
టీ చల్లారిపోయిందన్నాడు.

మూడింటికి బల్లార్షా మిల్లు నుంచి
ఎవరో దుర్గం పోసక్క,
ముఖం చోట కంపెనీ గుర్తు:
"మా కాడ గంతే అక్కా.
రెండో నంబరుకు సుత మూత లేదు.
మా మరిది వేలు పోయింది.
నా నంబరు రాసుకో."

తెల్లారేసరికి పోస్టు లేదు, పోసక్కా లేదు.
మిల్లు నిండా కాగితమే,
అప్పుడు చేతికి చిన్న ముక్క దొరక్క
వెదురు బద్ద మీద రాశాను.
బద్ద నా టిఫిను సంచిలో ఉంది.
బెల్టు మీద వేయను.