ముందు బరువు

మన్సీ ఊరు దాటాక మొక్కజొన్న చేల నడుమ
పావు మైలు తారు.
గురువారం సాయంత్రాలు ఆ తారు కొసన
కాటా నాది.
నాలుగు చక్రాల కింద నాలుగు పలకలు,
ఒక చిన్న తెర, ఒక రిజిస్టరు, దారం కట్టిన పెన్సిలు.
ఇరవై రెండేళ్లుగా కార్లు నా ముందు
ఊపిరి బిగబట్టి నిలబడతాయి,
డాక్టరు దగ్గర పొట్ట లోపలికి పీల్చుకునే మగాళ్లలా.

మొన్న వెల్డా హాష్‌బార్గర్ వచ్చింది.
నారింజ రంగు, రెండు తలుపులు,
కొత్త తరం కండల కారు.
విడాకుల్లో ఇల్లు ఆయనకీ
ఇంజిన్ పట్టేసిన ఈ బండి ఈమెకీ దక్కాయి.
మూడేళ్లు టార్పాలిన్ కింద పడుంది.

బానెట్ ఎత్తింది.
పెట్రోలు తాగే ఎనిమిది సిలిండర్లు లేవు.
ఒకే వరసలో ఆరు, డీజిల్‌వి.
ఒక బోల్టు తల మీద పసుపు రంగు ఇంకా వదల్లేదు.
"పద్నాలుగో నంబరు స్కూలు బస్సుది," అంది.
"పంతొమ్మిదేళ్లు నేనే తోలాను.
కరెంటు బస్సులొచ్చాయని దాన్ని తుక్కుకి వేస్తుంటే
ఆరు వందల డాలర్లిచ్చి
లోపలిది మాత్రం తెచ్చుకున్నా."

ముందు చక్రాల మీద
రెండు వేల తొమ్మిది వందల నలభై పౌన్లు.
వెనక పదిహేడు వందల అరవై.
ముక్కు నేలకేసి వాసన చూస్తున్నట్టుంది బండి.

డెల్బర్ట్ రౌష్ కుర్చీలోంచి లేవలేదు.
డెబ్బై దాటిన మనిషి, ఒక చెవి
ఎప్పుడో ఇంజిన్లకి రాసిచ్చేశాడు.
"కండంటే శబ్దమమ్మా.
తాళం తిప్పితే పక్క వీధిలో కుక్క లేవాలి,
ఛాతీలో పళ్లెం మోగాలి.
ఇదేమిటి, డబ్బాలో గులకరాళ్లు!
గుర్రప్పందేనికి దున్నని తోలుకొచ్చావు."

వెల్డా పానా తుడుచుకుంటూనే ఉంది.
"దున్న కాబట్టే లాగుతుంది.
నీ గుర్రాలు ఆరు వేల చుట్లు తిరిగితే గానీ నిద్ర లేవవు.
ఇది పదహారు వందల దగ్గరే పనిలోకి దిగుతుంది.
అరవై మంది పిల్లల్ని మంచులో గుట్ట ఎక్కించింది.
అది కండ కాదూ?"

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది.
కాటా మనిషిని, మధ్యలో ఉండటం నా వృత్తిరోగం.
రిజిస్టరులో ఇంధనం గడిలో
పెట్రోలు అని అచ్చేసే ఉంటుంది.
కొట్టేసి, పక్కన ఇరుకులో
డీజిల్ అని రాశాను.
ఆ గడిలో నా మొదటి కొట్టివేత.

పందెంలో ఆమె పక్కన కిప్ లండీన్,
పాతికేళ్ల కుర్రాడు.
వాడి కారు మామూలుగానే గర్జిస్తోంది.
వెల్డా బండి గుక్కెడు నల్ల పొగ వదిలి
టకటక, టకటక అంటూ గీత దగ్గరికొచ్చింది.

అప్పుడు చూశాను.
కంచె దగ్గర ఐస్‌క్రీం తింటున్న ఇద్దరు పిల్లలు
చటుక్కున సంచులు భుజాన వేసుకున్నారు.
టికెట్లమ్మే అమ్మాయి గడియారం చూసుకుంది.
కిప్ తల పక్కకి తిరిగింది.
దీపాలు పసుపు, పసుపు, పసుపు,
పచ్చ.
వాడు అర సెకను అక్కడే ఉన్నాడు.

ఆ అర సెకనులో ఆమె చాలా దూరమే పోయింది.
అయినా తొమ్మిది వందల అడుగుల దగ్గర
వాడు దాటేశాడు.
గెలిచింది పెట్రోలే, అందులో వాదన లేదు.
డెల్బర్ట్ మాత్రం 'చూశావా' అనలేదు.
అలా అనకుండా ఉండటం అతనికి చేతనవునని
నాకు అంతవరకూ తెలీదు.

కిప్ హెల్మెట్ తీశాడు, చెవులు ఎర్రబడ్డాయి.
"ఏంటో మిస్ వెల్డా, ఆ చప్పుడు వినగానే
లెక్కల హోంవర్కు ఎక్కడ పెట్టానా అని
వెతుక్కున్నా."
"నువ్వెప్పుడు చేశావులే," అందామె.

దోమలు మొదలయ్యాయి.
పలకలు ఎత్తి లోపల పెడుతుంటే
డెల్బర్ట్ ఆమె కిటికీ దగ్గర వంగి,
వినపడే చెవి అటు పెట్టి, గొణిగాడు:
"ఎన్ని చుట్ల దగ్గరన్నావు?"

ఆమె అతనికి జవాబివ్వకుండా నన్ను పిలిచింది.
"డిక్కీలో ఇసుక బస్తాలు రెండు వేస్తే
వెనక ఎంత చూపిస్తుంది?"
"ఎన్ని పౌన్ల బస్తాలు?" అన్నాను,
పలక ఒకటి మళ్లీ కిందికి దించుతూ.