ఆకు పెట్టిన పేజీ

సిరొంచ బస్టాండు ఎదురుంగ నాది జిరాక్సు కొట్టు.
కరెంటు పోయినప్పుడు ఫోన్ల రాస్త.
తునికాకు ఎట్ల తెంపాలె, ఏ ఆకు కట్టల పనికిరాది,
కల్లంల మున్షీ లెక్కవెట్టుకుంట ఏ వేలు ముడుస్తడు,
ఎండకాలం ప్రాణహితల ముందుగాల తేలే బండ ఏది,
గివే.
ఇంతకంటే పెద్ద ముచ్చట్లు నాకు రావు.

చదివేటోళ్లు ఏడుగురు.
అంకీసా పంతులు గావడె చంద్రు,
ఆలాపెల్లి డిపోల కట్టె కొలిచే లచ్చుమయ్య,
భీవండిల రాత్రిపాళి మగ్గం నడిపే ఆడెపు రాజవీరు.
మిగిలిన నలుగురు మాట్లాడరు.
వచ్చిపోయిన జాడ మాత్రం ఉంటది,
పొద్దుగాల సానుపు ఆరని వాకిట్ల
కోడి కాళ్ల లెక్క.

మొన్న వైశాఖంల ఒక రాత్రి
ఎవరో తెల్వనాయన నా తునికాకు ముచ్చటకు గుర్తు పెట్టి
పదిమంది నడుమ పెట్టిండు.
"దాచుకోండ్రి, మల్ల దొరకది" అన్నడట.

తెల్లారేవరకు పద్దెనిమిది వేల మంది!

అంత జనాన్ని మా ఊర్ల ఒక్కపాలే చూసిన,
పుష్కరాలప్పుడు.
పన్నెండు రోజులు ఘాటు మీద ఇసుక కనవడలే.
మునిగిన్రు, లేచిన్రు, సీసాల నీళ్లు నింపుకున్నరు.
పదమూడో నాడు
ఒంటి చెప్పులు, కొబ్బరిచిప్పలు, ఎవరిదో పసుపు తువ్వాల.
వానకాలం ఈ నీళ్లు ఏ రంగుల ఉంటయో
అడిగినోడు ఒక్కడు లేడు.
అయినా ఆ పన్నెండు రోజుల బజ్జీల పైసలతోనే
మా పక్కింటి గోదుబాయి ఇంటి మీదికి రేకులు ఎక్కినయ్.
అది గూడ చెప్పాలె. అబద్ధం ఎందుకు.

నా దగ్గరికి వచ్చినోళ్లు
ఒక్కొక్కరు నిలవడ్డది పదకొండు సెకండ్లు.
ఆకుల కట్టకు నార ముడి వేసెటందుకే
అంతకన్న ఎక్కువ వడ్తది.
జాగ కిరాయికిచ్చిన కంపినోడు రాసిండు,
"తొక్కిడి ఎక్కువైంది, ఇంకో నాలుగు వందలు కట్టు."
కట్టిన.
దాచుకున్నోళ్లు రెండు వేల చిల్లర.
దాచుకున్నది మల్ల తెరిచినోళ్లు తొమ్మిది మంది.

ఇగ నాకూ దూపయింది.
అంత సప్పుడు ఒక్కపాలి విన్నంక
ఏడుగురి సప్పుడు చెవికి ఆనలే.
"తునికాకు గురించి మీకు తెల్వని ఏడు రహస్యాలు"
అని రాసిన.
మూడోదాని కాడనే రహస్యాలు అయిపోయినయ్,
నాలుగు అల్లిన.
లచ్చుమయ్య ఒక్క ముక్క పంపిండు,
"బిడ్డా, ఇది నీ చెయ్యి కాదు."
తర్వాత నెల రోజులు రాలే.
వాకిట్ల జాడ గూడ లేదు.

ఆ పద్దెనిమిది వేలల్ల
ఒకామె మాత్రం పోలే.
కోరాపుట్ అవతల కొండ మీదామె, పాంగి సుకుమతి.
"మా దిక్కు దీన్ని కెందు అంటాం.
మీరు తెంపిన వెంటనే కట్ట కట్టమని రాశారు.
తడి ఆరకుండా కడితే లోపలి ఆకులు నల్లబడతాయి.
అమ్మ చెప్పమంది."
నిజమే. నేను రాసింది తప్పు.
మూడేండ్ల నుంచి ఏడుగురు చదివిన్రు,
ఒక్కరూ చెప్పలే,
నా మీది ప్రేమకో, ఆకు తెల్వకనో.
దిద్దిన.

ఆ రాత్రి అల్మార్ల ఒక పుస్తకం చేతికి తాకింది,
అహేరిల కొన్న మరాఠీ చెట్ల పుస్తకం.
అరవై ఒకటో పేజీల నేను పెట్టిన ఆకు.
మల్ల చదువుదామనే పెట్టిన.
ఎన్నేండ్లయిందో,
ఆకు పొడైంది,
ఈనెలు మాత్రం అక్షరాల మీద అచ్చువడ్డయ్.
ఎవరిని తిట్టాలె ఇప్పుడు?
నిలవడే చదివిన, గా ఒక్క పేజీ.

లచ్చుమయ్య మొన్న వచ్చి పోయిండు.
ఏమనలే.
ఏడు రహస్యాలు తీసేసిన,
అవి చూసెటందుకు రోజూ నలభై మంది ఇంకా వస్తున్నరట,
మూసిన తలుపు కొట్టి పోతున్నరట.
ఒక్కోసారి తెరుద్దామా అనిపిస్తది.

కరెంటు వచ్చింది.
కౌంటర్ కాడ ఒకాయన ఆధార్ కార్డు చాపి
"రెండు దిక్కులా తియ్యి" అంటున్నడు.