మంచుకి చీటీ రాయలేదు

ఈ చివర మందుల షాపు, ఆ చివర సరస్సు,
మధ్యలో ఉన్నదే మా బజారు వీధి.
ఫిన్లండ్ పటంలో వెతికితే
ఊరి పేరు మడతలో పోతుంది.
నవంబరు వస్తే మధ్యాహ్నం మూడింటికే దీపాలు పెట్టేస్తాం.
ఆ తర్వాత మనుషులు కనిపించరు.
కోటు జేబుల్లోంచి దారాలకి వేలాడే
మెరుపు బిళ్ళలు మాత్రం
రోడ్డు దాటుతుంటాయి.

నా ఉద్యోగం కార్లతో.
ఒక్కో అద్దం వెనకా ఒక నీలం అట్ట గడియారం.
అది నడవదు. వచ్చిన వేళకి
ఎవరి ముల్లు వాళ్ళే తిప్పి పెట్టుకోవాలి.
తొమ్మిదీ నలభైకి వచ్చినవాడు
పదింటికి వచ్చానని పెట్టుకోవచ్చు.
ఆ మాత్రం అబద్ధం చట్టమే ఒప్పుకుంటుంది.
గంట దాటితే చీటీ రాస్తాను.
పద్దెనిమిదేళ్ళుగా ఊరి మనసు
అరగంటల్లో చదువుతున్నాను.

బూట్ల కొట్టు ఔలిస్ బండి
బూట్ల కొట్టు ముందే ఉంటుంది.
గంటకోసారి కోటు లేకుండా ఒక్క ఉరుకున బయటికొచ్చి
ముల్లు తిప్పి లోపలికి పోతాడు.
నేను చూస్తానని అతనికి తెలుసు.
తెలుసని నాకూ తెలుసు.
ఒక్క మాటైనా లేని స్నేహం మాది.

త్యూనెకి ఎనభై ఆరు.
కాలితో తోసుకునే స్లెడ్జి మీద సంచీ పెట్టుకుని
రెండు వ్యాన్ల సందులోంచి వీధిలోకి వస్తుంది.
స్లెడ్జి ముందు కనబడుతుంది, తర్వాతే మనిషి.
పోయిన చలికాలం రొట్టెల వ్యాను స్లెడ్జిని గుద్దింది.
"నాకేం కాలేదు," అంది మంచులో కూర్చునే,
"పోయినవి బంగాళాదుంపలే."

అప్పుడు పెట్టారు సభ, బడి భోజనాల గదిలో.
దాటే చోటికి అటూ ఇటూ పదకొండు కార్ల జాగా తీసేద్దామని.
ఔలిస్ లేచాడు.
"జనం హైవే పక్కన పెద్ద మార్కెట్‌కి పోతారు.
అప్పుడు ముసలమ్మ దాటడానికి వీధి ఉంటుంది,
దాటి చేరడానికి కొట్టు ఉండదు."
అదీ నిజమే.
నా దగ్గర ఒక లెక్క ఉంది:
ఆ పదకొండిట్లో ఆరు, కొట్లవాళ్ళ బండ్లే.
ఎవరూ అడగలేదు.
అడగలేదు కదా అని నేనూ కాఫీ తాగాను.
కర్ర విరక్కుండా, పాము చావకుండా
వసంతానికి వాయిదా.

జనవరిలో నాలుగు రోజులు ఆగకుండా పడింది.
మంచు తోసే ఇల్పో
తోసినదంతా తెచ్చి ఆ జాగాలోనే పోశాడు.
మోకాలెత్తు. అంతే.
ఎందుకంతే అంటే
"యంత్రం అంతకంటే ఎత్తలేదు," అన్నాడు.
ఆ యంత్రం ఎంత ఎత్తుతుందో ఊరంతా చూసిందే.

రూలు ప్రకారం చూస్తే
గడియారం పెట్టలేదు, గంట దాటింది,
కదిలే ఉద్దేశం కనబడదు.
మంచుకి చీటీ రాయలేదు.

ఇప్పుడు త్యూనె ఒడ్డున నిలబడితే
అంత దూరాన్నుంచే బ్రేకులు వినబడతాయి.
ఇరవై మూడు సెకన్లు పడుతుంది ఆమెకి.
ఒక్కో అడుగూ వీధిని అడుగుతున్నట్టే.
వీధి అంతసేపూ ఆగి, సరే అంటుంది.

ఒక సాయంత్రం ఔలిస్ బయటికొచ్చాడు, కోటు లేకుండా.
తిప్పడానికి అక్కడ బండి లేదు,
ఎక్కడ పెట్టుకుంటున్నాడో నేనడగలేదు.
త్యూనె ముందు మోకాళ్ళ మీద కూర్చుని
బూటు అడుగు పైకెత్తి చూశాడు.
"ఈ మేకులు అరిగిపోయాయి. లోపలికి రా."
"స్లెడ్జి ఇక్కడ పెట్టుకోవచ్చా?"
"గంట," అన్నాడు,
తన నీలం గడియారం తెచ్చి, ముల్లు తిప్పి,
స్లెడ్జి పిడికి కట్టాడు.
నాలుగూ పది అయింది. నాలుగున్నర పెట్టాడు.

ఏప్రిల్‌లో మంచు కరిగింది.
అడుగున రెండు చేతితొడుగులు, ఒక మెరుపు బిళ్ళ,
ఆ కింద
తెల్లగీతలు, ఎక్కడివక్కడే.
మొదటి రోజు అక్కడ ఎవరూ ఆగలేదు.
రెండో రోజు ఒక పొరుగూరి కారు.
గడియారం సరిగ్గానే పెట్టి ఉంది.
పెన్ను మూత తీసి
చాలాసేపు దాని పక్కనే నిలబడ్డాను.