కింది గొంతు

క్వార్టెట్ అనేవారు మమ్మల్ని. నిజానికి ఐదుగురం.
లెక్క అడిగితే హోసియా నవ్వేవాడు:
"నలుగురం పాడతాం, ఒకడు ఏడుస్తాడు."
ఆ ఏడ్చేవాడు ఆర్డెల్ మింటర్.

బెస్సెమర్‌లో పైపుల ఫ్యాక్టరీ మాది.
రాత్రి షిఫ్టు దిగి, స్నానాల గదిలో
తడి గోడలకి వీపులానించి శృతి వెతుక్కునేవాళ్ళం.
వాయిద్యాల్లేవు. బూటు మడమే తాళం, తొడే డప్పు.
దూమ్, దూమ్ అని నేను పునాది తవ్వితే
ముగ్గురూ దాని మీద ఇల్లు కట్టేవాళ్ళు,
ఆర్డెల్ వచ్చి కప్పు లేపేసేవాడు.

ఒకే కారు, ఐదు సూట్లు, మూడు వందల మైళ్ళు.
ఏ హోటలూ మాకు తలుపు తియ్యదు.
సార్డీన్ డబ్బా, ఉప్పు బిస్కట్లు,
తెల్లారేసరికి అద్దాల నిండా మా ఊపిరి.

చర్చిలో అట్ట విసనకర్రలు,
ఒక్కోదాని వెనకా శవపేటికల కంపెనీ అడ్రసు.
ఆర్డెల్ మోకాళ్ళ మీద పడి
ప్రభువా, ప్రభువా, అని ఒక్క మాటనే నలిపేవాడు,
మాట చిరిగి ఉత్త అరుపు మిగిలేదాకా.
తెల్ల చేతితొడుగుల నర్సమ్మలు
ఒరిగిపోయే ఆడవాళ్ళని పట్టుకునేవాళ్ళు.
ఒకామె టోపీ ఎగిరొచ్చి నా బూటు మీద పడింది.
దాని ఊదారంగు ఈక ఇప్పటికీ గుర్తు.

మెంఫిస్ నుంచి ఎవరో కార్డు ఇచ్చి వెళ్ళారు.
"గొంతు ఇదేలే టోలివర్" అని,
నా సూటు అప్పు తీర్చకుండానే వెళ్ళాడు ఆర్డెల్.
అతని పేరు ఎత్తొద్దన్నాడు పాస్టరు.
ఆమెన్ అన్నాను నేనూ. డీకన్‌ని మరి.

ఏడాది తిరిగాక, మంగలి షాపు పక్క కేఫేలో
అటూ ఇటూ చూసి
జూక్‌బాక్స్‌లో పది సెంట్ల బిళ్ళ వేశాను.
అదే పాట. ఆ మోకాళ్ళు కూడా వినబడ్డాయి.
ప్రభువా తీసేసి పిల్లా పెట్టాడు, అంతే.
వెనక ముగ్గురు అమ్మాయిలు వంత,
హోసియా చోట, వర్జిల్ చోట, ట్రూమన్ చోట.
మరి నా చోటు?
చెవి ఆనించి వెతికాను.
అట్టడుగున ఎవరో కుర్రాడు నాలుగు ఇనప తీగల మీద
నా అడుగుల్లోనే అడుగులేస్తున్నాడు.
తిట్టాలనుకున్నాను. నా మడమ అప్పటికే తాళం వేస్తోంది.

కౌంటర్ దగ్గర పిల్ల, చేతిలో ఎంగిలి ప్లేట్లు,
కళ్ళు మూసుకుంది. ఒక చెయ్యి పైకి లేచింది.
ఆ చెయ్యి నాకు తెలుసు.
అక్కడ నర్సమ్మలెవరూ లేరు.
టోపీ తీసి బల్ల మీద పెట్టి
వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాను.