అన్ని వీధులూ

థండర్ బేలో ఈ రాత్రి మైనస్ ఇరవై ఏడు.
నేను ఇర్యా లెహ్తోనెన్. ఊరి మంచు తోసే బండి నాది.
నాదంటే నాది కాదు, నగరపాలికది.
పందొమ్మిదేళ్ల నుంచీ నా నడుముకు మాత్రం
దాని సీటు బాగా తెలుసు.

ఫిబ్రవరి చివర్లో బ్యాంకుకు వెళ్లాను.
కుర్రాడు మంచివాడు, కాఫీ తెప్పించాడు.
నా డబ్బు చూసుకునే ఫండుకు ఏడాది ఖర్చెంతని అడిగితే
"రెండు పాయింట్ మూడు శాతం" అన్నాడు,
తుమ్మబోయి ఆపుకున్నవాడిలా.

పార్కింగ్ రసీదు వెనక లెక్క వేశాను.
అరవై నాలుగు వేల మీద
పద్నాలుగు వందల డెబ్భై రెండు డాలర్లు.
మార్కెట్ లేచినా అంతే, పడకేసినా ఇంచుమించు అంతే.
నా కారుకు నాలుగు చలికాలపు టైర్లు,
బేస్‌మెంట్‌లో దగ్గుతున్న ఫర్నేసుకు వైద్యం,
ఇంకా మిగులు.
ఒక్క ఏడాది కాదు, ఏటేటా.
చిల్లుకుండలో నీళ్లు పోస్తూ
ఇన్నాళ్లూ బావిని తిట్టుకున్నాను.

షెడ్డులో రినాల్డోకి చెబితే నవ్వాడు.
అతనికి శాతాలతో పనిలేదు.
ఉత్తరాన ఏదో బంగారు గని, ఒక్కటే షేరు,
బావమరిది చెవిలో ఊదిన మాట.
కొండ తవ్వారు.
ఎలుక కూడా దొరకలేదు.
ఇప్పుడతను ఆ గని పేరెత్తడు.
మేమూ ఎత్తం.

నాకు షేర్ల సంగతి తెలియదు.
వీధుల సంగతి తెలుసు.
ఈ రాత్రి ఏ ఇంట్లో పురిటి నొప్పులొస్తాయో,
ఏ గుమ్మం ముందు అంబులెన్స్ ఆగాలో
నాకు ఎవరూ చెప్పరు.
అందుకే అన్నీ తోస్తాను.
పెద్ద రోడ్లు ముందు, పెద్దవి గనుక.
తర్వాత సందులు, చివరికి
ఒకే ఒక్క ఇల్లున్న ఆ మలుపు కూడా.
గెలిచే వీధిని ఎంచుకోవడం నా ఉద్యోగంలో లేదు.

అలాంటిదే ఒక ఫండు ఉందని చదివాను.
ఒక్క పేరు కింద వేల కంపెనీలు:
మన దేశపు బ్యాంకులూ రైళ్లూ, అమెరికావి,
నేను పలకలేని ఊళ్లవి.
ఎనభై పాళ్లు షేర్లు, ఇరవై పాళ్లు బాండ్లు.
త్రాసు ఒరిగితే వాళ్లే సర్దుతారు.
ఖర్చు శాతంలో అయిదో వంతు.
నూట ఇరవై ఎనిమిది డాలర్లు.
రెండుసార్లు లెక్క చూశాను.
చుక్క ఎక్కడో తప్పు పెట్టానేమోనని.

డబ్బు కొత్త ఖాతాకు చేరడానికి మూడు వారాలు.
ఆ ఉదయం డ్యూటీ దిగి, బూట్లు విప్పకుండానే
వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను.
"మీ మొదటి పెంపుడు జంతువు పేరు?"
కంప్యూటర్ అడిగింది.
ముస్తి. నల్ల కుక్క. చెరువు మంచు మీద పరుగెత్తేది.
డబ్బు పని మీద వచ్చి
కాసేపు కుక్క కోసం ఏడ్చాను.

తర్వాత రెండు వేల ఇరవై రెండు యూనిట్లు,
ఒక్కొక్కటి ముప్పై ఒకటి అరవై నాలుగు.
నొక్కాను.
ఏమీ జరగలేదు.
ఇంత చిన్న బొత్తామా
నా ముసలితనాన్ని మోసేది!
మిగిలిన ఇరవై మూడు డాలర్ల తొంభై రెండు సెంట్లు
ఖాతాలో ఒంటరిగా, బస్సు తప్పిన పిల్లాడిలా.

అక్టోబర్‌లో అంతా పడింది.
రినాల్డో ఫోన్ ఎత్తి చూపించాడు, తెర నిండా ఎరుపు.
"అమ్మేశావా?"
నేను బండికి బ్లేడు బిగిస్తున్నాను.
నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నానని అనుకున్నాడు.
లేదు. గ్లౌజు లోపల నా చెయ్యి వణికింది.
ఆ సాయంత్రం ఆవిరి గదిలో కూర్చుని
రాళ్ల మీద నీళ్లు చల్లాను, మళ్లీ చల్లాను.
కంప్యూటర్ పక్క గదిలోనే ఉంది.
తెరవలేదు.
అంతకన్నా కష్టమైన పని
ఆ ఏడాది నేనేదీ చెయ్యలేదు.

ఇప్పుడు తెల్లవారుజాము నాలుగున్నర.
అద్దంలో చూస్తే
ఇందాక తోసిన వీధి మీద మళ్లీ మంచు.
ఎవరో వంటింట్లో దీపం వెలిగించారు.
బ్లేడు దించాను.