చెక్కుబంది

తొమ్మిదో రోజు కూడా బంకు ముందర తాడు కట్టే ఉంది.
తాడుకు అట్టముక్క: నో స్టాక్.
దాని కింద బొగ్గుతో ఇంకెవరో రాశారు:
అడగబాకండి.

మొదట్లో నేనూ వరసలో నిలబడ్డాను.
పొదలకూరు బంకు కాడ మొదలై, నిమ్మకాయల యార్డు దాటి,
పశువుల ఆసుపత్రి గోడ దాటి, చిట్టచివర నేను.
నా ముందర ఒక ట్రాక్టరు,
దాని నిండా ఎవరి పెళ్ళికో పోవాల్సిన షామియానా గుంజలు.
ఆరు గంటలకి మూడు లీటర్లు పోశారు.
అందులో ఒకటి వరసలో జరగడానికే కాలిపోయింది.

ఇక లాభం లేదని కారుకు దుప్పటి కప్పాను,
జ్వరమొచ్చిన పిల్లకు కప్పినట్టు.
ఇంకా పదకొండు కంతులున్నాయి దానికి.

ఏడుంబావు పల్లెవెలుగు.
ఆరేళ్ళుగా దాని వీపే తెలుసు నాకు,
నల్లపొగ, వెనకద్దం మీద వేలితో రాసిన పేర్లు.
ముఖమంటారా, దాటేసినాక
నా అద్దంలో వేలెడంత కనిపించి పోయేది.

ఆర్టీసీకీ డీజిలు కరువే.
మూడు బస్సుల జనం ఒక్కదాంట్లో.
ఎట్లో ఒక సీటు చివర దొరికింది.
దస్తావేజులు రాసి బతికేవాణ్ణి, అలవాటు పోతుందా,
ఆ సీటుకు మనసులోనే చెక్కుబంది రాసుకున్నాను:

తూర్పు: ముందు సీటు వీపు, దాని మీద బ్లేడుతో చెక్కిన సగం ప్రేమ.
దక్షిణం: పెంచలమ్మ, ఆమె తాలూకు నిమ్మకాయల గోతం.
ఉత్తరం: నర్సింగు చదివే పిల్ల, ఆ పిల్లకవతల దిగని కిటికీ.
పడమర: సీటు కింద ఎవరిదో కోడి.
నా చెప్పుల మీద దానికి సర్వహక్కులు.
ఈ నాలుగు హద్దుల నడుమ జానెడు జాగా,
నెల్లూరు దాకా అనుభవించేందుకు నాది.
చిల్లర దిగేటప్పుడు.

కండక్టరు కరీమున్ టిక్కెట్టు కొట్టి, ముఖం చూసి ఆగింది.
"నువ్వు ఆ తెల్లకారాయనవి గదా?"
బస్సంతా నా వైపు తిరిగింది.
"మరుపూరు మలుపుకాడ మోగిస్తా మోగిస్తా పొయ్యేది నువ్వేనంటయా!"
ఇంజిను మీద నుంచి డ్రైవరు ఏదో అన్నాడు,
నాకు వినపడకపోవడం మేలైంది.

పెంచలమ్మ మాత్రం గోతం మీద చెయ్యేసుకుని
మెల్లగా అడిగింది:
"రోజూ అనుకునేదాన్ని నాయనా,
పాపం, ఇంట్లో ఎవురికో బాగలేనట్టుంది,
ఆసుపత్రికి ఉరకతుండాడని.
ఇప్పుడెట్లుండారు?"

ఎవరూ నవ్వలేదు.
నవ్వుంటే బతికిపోయేవాణ్ణి.

"బాగుండారు" అన్నాను.
ఇంకేం అనగలను?
మూతి విప్పి ఒక నిమ్మకాయ తీసి నా అరచేతిలో పెట్టింది.
"దిష్టి తియ్యండి. మళ్ళీ రాకుండా."

పద్నాలుగో రాత్రి ట్యాంకరొచ్చింది.
అబద్ధమెందుకు, నేనూ పరిగెత్తాను.
దుప్పటి లాగి పారేసి, డబ్బా ఒకటి చంకన పెట్టుకుని మరీ.
ఫుల్లు ట్యాంకు.

తెల్లారి కార్లో ఒక్కణ్ణే.
నాలుగు వైపులా అద్దాలు, తుడిచినవి.
చెక్కుబంది రాద్దామంటే
ఒక్క పేరూ లేదు.
స్టీరింగు ముందు నిమ్మకాయ ఎండి,
తోలు గట్టిపడి, మలుపు మలుపుకీ
ఆ మూల నుంచి ఈ మూలకు దొర్లుతోంది.

మరుపూరు మలుపు.
ముందర అదే వీపు, అదే పొగ.
చెయ్యి దానంతటదే హారన్ మీదికి పోయింది.

పోయి, అక్కడే ఆగింది.
ఇప్పుడు గాని కొట్టానంటే
లోపల గోతం పక్కన ఒకామె
ఉలిక్కిపడి వెనక్కి చూస్తుంది,
అయ్యో, మళ్ళీ తిరగబెట్టినట్టుందే అని.